చీజ్ వేరు, ఆల్ ఇన్ వేరు

2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధ వ్యూహాల ఆటలో ఓడినవారు ప్రతి తొందరపాటు దాడినీ 'చీజ్' అనేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ మాటకు ఒక కచ్చితమైన అర్థముంది.

చీజ్ ప్రాణమంతా దాపరికంలోనే ఉంది. ఎదుటివాడు పసిగట్టనంతసేపే అది పారుతుంది. ప్రోటాస్ అనే జాతితో ఆడేవాడు ప్రత్యర్థి స్థావరంలోకే చొరబడి ఫిరంగులు కట్టే కానన్ రష్ చూడండి. మొదట్లోనే కనిపెట్టి, వనరులు తవ్వే పనివాళ్లను పంపి అడ్డుకుంటే ఎత్తు చిత్తవుతుంది. అయితే నేర్పరులు ఫిరంగులు కడుతూనే తమ ఇంటి దగ్గర రెండో స్థావరం వేసుకుంటారు. ఎత్తు పారకపోయినా వారికి ఆట మిగిలే ఉంటుంది. అందుకే అది చీజే గాని ఆల్ ఇన్ కాదు.

ఆల్ ఇన్ పోకర్ నుంచి వచ్చిన మాట, ఉన్నదంతా పందెం ఒడ్డడం. ఇక్కడ దాపరికంతో పని లేదు. రెండు స్థావరాలు నడుపుతూ, పనివాళ్ల తయారీ ఆపేసి, సైన్యాన్నంతా ఒకేసారి కదిలిస్తే, ప్రత్యర్థి కళ్లారా చూస్తున్నా అది ఆల్ ఇన్నే. తప్పితే కోలుకునే దారి ఉండదు.

జెర్గ్ అనే జాతితో ఆడేవాడు మొదట్లోనే సైనికులనిచ్చే 'పూల్' కట్టడం వేసి, పనివాళ్లను కూడా వెంటేసుకుని వెళ్లే 12 పూల్ దాడిలో మాత్రం ఈ రెండూ కలిసిపోతాయి. గందరగోళం ఎక్కువగా అక్కడే పుడుతుందని నా అభిప్రాయం.