ఎత్తు కొలిచి బయలుదేరండి: చిత్తూరు, తిరుపతి కుటుంబాలకు బెంగళూరు వండర్‌లా ఎంతవరకు తగినది?

వండర్‌లా స్థాయి థీమ్ పార్కు మన రెండు జిల్లాల్లో ఎక్కడా లేదు. అందువల్ల ఇక్కడి కుటుంబానికి థీమ్ పార్కు అంటే ఆదివారం మధ్యాహ్నం తోచినప్పుడు వెళ్లి వచ్చే చోటు కాదు, రాష్ట్రం దాటి చేయవలసిన ప్రయాణం. చిత్తూరు నుంచి బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు, తిరుపతి నుంచి సుమారు 250. పలమనేరు, ముళబాగిలు, కోలారు, హోసకోట మీదుగా మనం నగరానికి తూర్పున చేరితే, పార్కు మాత్రం నగరానికి అవతల, మైసూరు రోడ్డు మీద, బిడది దగ్గర ఉంటుంది. బెంగళూరు మొత్తాన్ని అడ్డంగా దాటితే తప్ప అక్కడికి చేరలేము కనుక, తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చన్న లెక్క కాగితం మీద బాగుంటుంది కానీ పిల్లలతో సాగదు. ఒక రాత్రి బస, రెండు రోజుల సెలవు, ఇంటిల్లిపాది టికెట్లు కలిసిన ఖర్చు ఇది. కాబట్టి పార్కు మంచిదా కాదా అని అడగడానికి ముందు, మన ఇంట్లో ఎవరెవరికి మంచిదో తేల్చుకోవడం అవసరం.

పార్కు విషయంలో నా అభిప్రాయం మొదటే చెబుతాను. కొచ్చిలో 2000లో మొదలైన సంస్థ, 2005లో బెంగళూరులో తెరిచిన పార్కు ఇది. 82 ఎకరాల్లో, నేల మీదవీ నీటిలోవీ కలిపి అరవైకి పైగా రైడ్లు ఉన్నాయి. లోపలికి వెళ్లాక దాదాపు ప్రతి రైడుకూ మళ్లీ మళ్లీ ఎక్కవచ్చు, విడిగా డబ్బు అడగరు. సిబ్బంది ప్రతి సీటు దగ్గరకూ వచ్చి, భుజాల మీద దిగే కడ్డీని చేత్తో లాగి చూశాకే యంత్రాన్ని కదిలిస్తారు. పరిశుభ్రత, పచ్చదనం, వరుసల క్రమశిక్షణ అన్నీ మెచ్చుకోదగినవే. అయినప్పటికీ ఈ పార్కు అందరిదీ కాదు. పదకొండేళ్ల నుంచి నలభై ఏళ్ల వరకు ఉన్నవారికి ఇది దక్షిణాదిలోని మేలైన పార్కుల్లో ఒకటి. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు ఫరవాలేదు. నాలుగేళ్లలోపు వారికీ, అరవై దాటిన వారికీ మాత్రం పెట్టిన డబ్బుకు తగిన రోజు దొరకదు.

వయసుల లెక్క నేను చెబుతున్నాను కానీ పార్కువారు పిల్లల వయసును పట్టించుకోరు, ఎత్తును చూస్తారు. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్ లేదు, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, 140 దాటితే పెద్దల టికెట్. ఈ రెండు గీతలనూ మన పిల్లల పెరుగుదలతో కలిపి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. 85 సెంటీమీటర్ల ఎత్తు మామూలుగా రెండేళ్లకే వచ్చేస్తుంది, 140 మాత్రం పదేళ్లకో పదకొండేళ్లకో గానీ రాదు. అంటే రెండేళ్ల పాపకు టికెట్ కొనాలి, కానీ ఆ పాప ఎక్కగలిగినవి రంగులరాట్నం, చిన్న రైలు వంటి నాలుగైదు మెల్లని రైడ్లు, మోకాలి లోతు నీళ్లున్న పిల్లల కొలను మాత్రమే. అదే టికెట్ మీద తొమ్మిదేళ్ల బాబు రోజంతా తిరగగలడు. ఒకే ధర చెల్లించిన ఇద్దరికి అందే సరుకులో ఇంత తేడా ఉంటుందని టికెట్ మీద కనబడదు.

అన్నిటికంటె ఇబ్బందికరమైన ఎత్తు 125కూ 140కూ మధ్యది. ఆ వయసు పిల్లలు వెనక్కు పరుగెత్తి గిరికీలు కొట్టే రీకాయిల్ రోలర్ కోస్టర్ గురించీ, ఎత్తుకు తీసుకెళ్లి ఒక్కసారిగా కిందికి దింపే ఫ్లాష్ టవర్ గురించీ స్నేహితుల దగ్గర ముందే విని వస్తారు. ధైర్యానికి లోటుండదు. తీరా కొలత పలక దగ్గరకు వెళ్లాక గీతకు రెండు వేళ్లు తక్కువ పడితే, ఎంత బతిమాలినా, తెలుగులో బతిమాలినా కన్నడంలో బతిమాలినా, లోపలికి పంపరు. పంపకపోవడమే సరైనది. తలకిందులు చేసే రైడ్లలో మనిషిని పట్టి ఉంచేది భుజాల మీదికి దిగి తుంటి దగ్గర బిగుసుకునే కడ్డీయే, దాన్ని ఒక కనీస శరీర పరిమాణానికి అమర్చి చేస్తారు. పొట్టి పిల్లవాడికి అదే కడ్డీ భుజం బదులు మెడ దగ్గర ఆగుతుంది, నడుము కిందినుంచి ఒళ్లు జారే సందు మిగులుతుంది. ఈ కారణం పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి, గోడకు నిలబెట్టి చెప్పులు లేకుండా కొలిచి, 140కి తక్కువైతే ఏవి ఎక్కలేరో ముందే వివరించడం మంచిది. బూటు మడమలను నమ్ముకుని వెళ్లకూడదు. 137 సెంటీమీటర్ల దగ్గర ఉన్న పిల్లవాడికి రోలర్ కోస్టర్ మీదే మనసుంటే, ప్రయాణాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయడమే నా సలహా.

మన ఇళ్లలో ఇటువంటి ప్రయాణం ఒక్క కుటుంబంతో ముగియదు. అక్క పిల్లలు, మేనమామ పిల్లలు, పక్కింటి వాళ్లు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటారు. పిల్లలందరూ గీతకు ఒకే వైపున ఉంటే ఆ ఏర్పాటు అద్భుతంగా ఉంటుంది. పన్నెండేళ్ల అన్నకు అన్నీ అందుబాటులో ఉండి, ఎనిమిదేళ్ల చెల్లెలికి సగమే ఉంటే, ఆ రోజంతా పెద్దవాళ్లలో ఒకరు చెల్లెలితో వేరే దారిన వెళ్లక తప్పదు. ఆ ఒకరు ఎవరో బయలుదేరకముందే తేల్చుకోవాలి, లేదంటే ఆ బాధ్యత ప్రతిసారీ తల్లి నెత్తినే పడుతుంది. మధ్యాహ్నం దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు అని పంచుకున్న కుటుంబాలే అక్కడ నవ్వుముఖంతో కనిపించాయి.

ఎత్తు సరిపోయినంత మాత్రాన అభిరుచి సరిపోతుందని కాదు. భయాలలో కూడా రకాలున్నాయి. పైనుంచి కిందికి ఒక్కసారిగా దిగడం కొందరికి పడదు, గుండ్రంగా తిరగడం కొందరికి పడదు. మొదటిది చాలావరకు మనసుకు సంబంధించినది, ఒకసారి ఎక్కి దిగితే తీరిపోవచ్చు. రెండోది శరీరానికి సంబంధించినది. చెవి లోపలి ద్రవం ఒక కదలికను, కళ్లు మరొక కదలికను మెదడుకు చెప్పినప్పుడు కడుపులో తిప్పుతుంది, దానికి ధైర్యం పనికిరాదు. ఈ విషయంలో మనవాళ్లకు ఒక సులువైన పరీక్ష చేతిలోనే ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ప్రతిసారీ కవరు అడిగే పిల్లలు హరికేన్, మావెరిక్ వంటి తిప్పే రైడ్ల జోలికి వెళ్లకపోవడం మేలు. వాళ్లు నీటి జారుడుబల్లల మీద, అలల కొలనులో హాయిగా గడపగలరు. ఊరికి ఎగ్జిబిషన్ వచ్చినప్పుడు కొలంబస్ అనే ఊగే ఓడ ఎక్కించి చూస్తే మిగిలిన సంగతీ తెలుస్తుంది. దిగి మళ్లీ ఎక్కుతానన్న పిల్ల వండర్‌లాకు తయారైనట్టే. దిగి మౌనంగా నీళ్లు అడిగిన పిల్లను బలవంతపెట్టి బెంగళూరు దాకా తీసుకుపోనక్కరలేదు.

పెద్దల విషయానికి వస్తే, రక్తపోటు, గుండె జబ్బు, వెన్ను, మెడ నొప్పులు ఉన్నవారూ, గర్భిణులూ ఎక్కరాదని పెద్ద రైడ్ల దగ్గర రాసి ఉంటుంది, అవి నిజాయితీగా పాటించవలసిన మాటలు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కగలిగిన అత్తగారు ఇక్కడా తట్టుకుంటారని కొందరు అనుకుంటారు. నడకకు లోటు రాదు నిజమే, కానీ నడిచి చేరిన ప్రతిచోటా బెంచీ మీద కూర్చుని ఇతరుల చెప్పులు, సంచులు కాపలా కాయడమే పెద్దవాళ్ల పని అవుతుంది. అరవై దాటినవారికి టికెట్‌లో తగ్గింపు ఉంది, తగ్గించిన డబ్బుకు కూడా తగిన వినోదం లేదు. మెల్లగా సాగే నీటి వాగు, ఎత్తైన కట్టడం మీద నిలిపిన జెయింట్ వీల్, సాయంత్రపు సంగీత ఫౌంటెన్, ఇవి తప్ప పెద్దలకని చెప్పదగినవి తక్కువ. బెంగళూరులో బంధువులుంటే వారిని అక్కడ దింపి వెళ్లడం మర్యాద తక్కువ పనేమీ కాదు, పెద్దవాళ్లు చాలామంది దానికే సంతోషిస్తారు.

ఆడవాళ్ల దుస్తుల విషయం పార్కు ప్రకటనల్లో ఒక వాక్యంతో ముగుస్తుంది, మన ఇళ్లలో మాత్రం అది అసలు ప్రశ్న. నీటి రైడ్లకు నైలాన్ లేదా పాలిస్టర్ దుస్తులే వేసుకోవాలి. నూలు బట్టలు, చీర, చున్నీతో కూడిన చుడీదార్ పనికిరావు. నూలు బట్ట నీరు పీల్చి బరువెక్కి జారుడుబల్ల మీద ఒంటికి అడ్డం పడుతుంది, దాని పోగులు నీటిని శుభ్రపరిచే యంత్రాల్లో చేరతాయి, కనుక నియమంలో తప్పు లేదు. మోచేతులు, మోకాళ్లు కప్పే పాలిస్టర్ ఈత దుస్తులు మన ఊళ్ల క్రీడా దుకాణాల్లోనే దొరుకుతాయి. ముందుగా కొనుక్కుంటే అక్కడి దుకాణంలో దొరికినదాన్ని ఎక్కువ ధరకు కొనవలసిన పని ఉండదు, నచ్చిన దుస్తులు లేవని ఒడ్డున కూర్చోవలసిన పనీ ఉండదు. నీళ్లలోకి దిగడానికి ఇంట్లో సగంమంది ఒప్పుకోకపోతే మాత్రం ఈ పార్కు మానుకోవడమే ఉత్తమం, ఎందుకంటే టికెట్ విలువలో సగానికి సగం నీళ్లలోనే ఉంది. ఇంకొక మాట: మొక్కు తీర్చుకుని కొత్తగా గుండు చేయించుకున్న పిల్లలకు ఎండా, క్లోరిన్ నీళ్లూ రెండూ మంట పుట్టిస్తాయి. రెండు యాత్రలనూ ఒకే వారంలో కలపవద్దు.

తినే వస్తువులు బయటినుంచి అనుమతించరు, పసిపిల్లల ఆహారానికి సాధారణంగా అడ్డు చెప్పరు. కాబట్టి ఇంటి నుంచి తెచ్చిన పులిహోర దారిలోనే, కోలారు దాటేలోపే తినేయాలి. లోపల శాకాహార భోజనం దొరుకుతుంది, రుచి గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఎంత ఆనందం దక్కుతుందన్న దాన్ని నిర్ణయిస్తుంది, ఎందుకంటే రద్దీ రోజున ఒక్కొక్క పెద్ద రైడుకు వేచి ఉండే సమయం రైడు మీద గడిపే సమయానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొంటే వరుస తగ్గుతుంది కానీ నలుగురైదుగురి కుటుంబానికి ఆ అదనపు ధర బరువే. నవంబరు నుంచి జనవరి వరకు బడుల, కళాశాలల విహారయాత్రలతో పార్కు నిండిపోతుంది. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఆ చలిలో నీటి నుంచి బయటికి వచ్చిన పిల్లలు వణుకుతారు. ఒక అలల కొలనులో గోరువెచ్చని నీళ్లుండడం కొంత ఊరట. మన ప్రాంతం వారికి మాత్రం పంచాంగంలో లేని ఒక మంచి ముహూర్తం ఉంది. కర్ణాటక బడులు సాధారణంగా మే నెలాఖరుకు తెరుస్తారు, మన బడులు జూన్ రెండో వారం వరకు తెరవరు. ఆ మధ్యలో వచ్చే జూన్ మొదటి వారపు పనిదినాల్లో అక్కడి పిల్లలు తరగతి గదుల్లో ఉంటారు, మన పిల్లలకు ఇంకా సెలవులే. తిరుపతిలో ఎండ మాడ్చే ఆ రోజుల్లో బెంగళూరు గాలి చల్లగా ఉంటుంది. సాయంత్రం ఉరుములతో వాన వస్తే ఎత్తైన రైడ్లను ఆపేస్తారు కాబట్టి, వాటిని పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం నీళ్లలోకి దిగాలి. నీటి రైడ్లు ఎలాగూ కొంత ఆలస్యంగానే మొదలవుతాయి.

2025 డిసెంబరులో ఇదే సంస్థ చెన్నై దగ్గర, పాత మహాబలిపురం రోడ్డును ఆనుకున్న తైయూరులో మరో పార్కు తెరవడంతో తిరుపతి వారికి లెక్క మారింది. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వెళ్లి, చెన్నై నగరంలోకి పోకుండా నెమిలిచేరి దగ్గర బాహ్యవలయ రహదారి పట్టుకుని వండలూరు చేరితే, అక్కడినుంచి కేళంబాక్కం రోడ్డు నేరుగా ఆ వైపే తీసుకుపోతుంది. బెంగళూరు పార్కుతో పోలిస్తే దూరం బాగా తక్కువ. స్విట్జర్లాండు సంస్థ బొలిగర్ అండ్ మాబిలార్డ్ తయారుచేసిన, కాళ్లు గాలిలో వేలాడే తండోరా అనే రోలర్ కోస్టర్ అక్కడి ప్రత్యేక ఆకర్షణ. పెద్ద పిల్లలు అడిగితే తిరుపతి కుటుంబాలు అటే వెళ్లడం సబబు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలనూ, మే నెల ఉక్కపోతనూ తప్పించుకోగలిగితే చాలు. ఎండ పడనివారికీ, చిత్తూరుకు పడమర ఉన్న పలమనేరు, కుప్పం వైపు వారికీ బెంగళూరే మేలు.

ఇంట్లో అందరికంటె చిన్నపిల్లకు అయిదేళ్లు కూడా నిండకపోతే ఈ రెండింటిలో దేనికీ తొందర లేదు. తిరుపతిలోనే 1987లో ఏర్పడి, అయిదు వేల అయిదు వందల ఎకరాలకు పైగా విస్తరించిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉంది. అక్కడ కొలత పలక ఉండదు, రెండేళ్ల పాపా డెబ్బై ఏళ్ల తాతా ఒకే బ్యాటరీ బండిలో కూర్చుని ఒకే పులిని చూడవచ్చు. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రాన్నీ కలుపుకుంటే, ఆరేడేళ్ల పిల్లలకు మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూసే వస్తువులతో ఒక పూట గడిచిపోతుంది. పెద్దపిల్లలకు ఇది చాలదని అంటారు, అది నిజమే. వాళ్లను పినతండ్రితోనో మేనమామతోనో జూన్ మొదటి వారంలో విడిగా పంపి, చిన్నవాళ్లనూ పెద్దవాళ్లనూ ఇక్కడే ఉంచడం రెండు వర్గాలకూ తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆనందం ఇచ్చే ఏర్పాటు.