రూలు మేలా, వీలు మేలా?

పర్యావరణం కోసం ఆఫీసులు చేసే ప్రయత్నాలు ఎక్కువగా రెండు రకాలు. గోడకి నోటీసు అంటించి, మాట వినకపోతే జరిమానా వేయడం ఒకటి. మంచి పని చేతికందేలా ఏర్పాటు చేయడం రెండోది. విజయవాడలో ఈ రెండు రకాల ఆఫీసుల్లోనూ పనిచేశాను. మొదటిది గవర్నరుపేటలో, రెండోది బెంజిసర్కిల్ దగ్గర. వీటిలో ఏ అలవాటు సాయంత్రం మనతో పాటు ఇంటికి వస్తుంది అన్నదే నా లెక్క.

కర్రీ పాయింట్ సంగతే తీసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకి మన ఊళ్లో ఏ సందులో చూసినా వాటి ముందు జనమే. అన్నం ఇంటి నుంచి తెచ్చుకుంటాం, కూర, పప్పు, సాంబారు అక్కడ కొంటాం. ఒక్క మనిషి భోజనానికి మూడు నాలుగు పల్చటి కవర్లు. వీటిలో ఎన్నో చివరికి బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో తేలతాయి. అవే కాలువలు కృష్ణ నీళ్లని డెల్టా పొలాలకి తీసుకెళ్తాయి.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు దేశమంతా నిషేధించారు. ఆ కొత్తలోనే మా మొదటి ఆఫీసు ఇంకో అడుగు ముందుకేసి, భోజనాల గదిలోకి ప్లాస్టిక్ కవర్ తెస్తే 50 రూపాయలు కట్టాలని నోటీసు పెట్టింది. మేం ఏం చేశాం? మెట్ల దగ్గరే కూరలు గిన్నెల్లోకి వంపుకుని, ఖాళీ కవర్లు కిందే పడేసి పైకి వచ్చాం. నేనూ అదే చేశాను. కవర్లు కనబడడం ఆగింది కానీ, కొనడం ఆగలేదు.

రెండో ఆఫీసులో నోటీసు లేదు. తలుపు పక్క అరలో మూతలున్న స్టీలు డబ్బాలు ఓ పది పెట్టారు. కిందికి వెళ్లేవాళ్లు వాటిని పట్టుకెళ్లడం, తిన్నాక కడిగి అక్కడే బోర్లించడం. అంతే. కర్రీ పాయింట్ ఆయన మొదట్లో కొంచెం విసుక్కున్నాడు. కవర్లో ఎంత పోయాలో ఆయన చేతికి తెలుసు, డబ్బాలో తెలియదు. వారం తిరిగేసరికి గరిటె లెక్క కుదిరింది. ఇప్పుడు ఇంటికి కూర కొనాల్సిన రోజున కూడా నా బ్యాగులో రెండు డబ్బాలుంటాయి. ఎవరూ చెప్పలేదు, చెయ్యి అలవాటు పడింది.

టీ దగ్గర మాత్రం వీలు ఎవరికి అన్నది చూడాలి. 40 మంది రోజుకి రెండుసార్లు తాగితే 80 పేపర్ కప్పులు, నెలకి 25 పనిదినాలు అనుకుంటే 2,000. పేరుకి పేపరే కానీ, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే అవి మామూలు కాగితంలా రీసైకిల్ కావు. వాటి బదులు స్టీలు గ్లాసులు తెప్పించారు, బాగుంది. కానీ ఆ 80 గ్లాసులూ ఆయమ్మే కడగాల్సి వచ్చింది. ఆమె నడుం నొప్పితో రెండు రోజులు రాలేదు, మళ్లీ పేపర్ కప్పులు వచ్చాయి. తర్వాత ఎవరి గ్లాసు వాళ్లకిచ్చి, ఎవరిది వాళ్లే కడుక్కోవాలన్నారు. అప్పుడే నిలబడింది. ఒకరి నడుం మీద పెట్టిన ఏర్పాటుని మంచి ఏర్పాటు అనలేను.

ఏసీ విషయంలో నేను రూలు వైపే. కూర డబ్బా ఎవరిది వాళ్లది, ఏసీ రిమోట్ అందరిదీ. రోహిణి కార్తె ఎండలో బండి మీద వచ్చినవాళ్లు 18 పెడతారు, గంట తర్వాత పక్క సీటావిడ చున్నీ కప్పుకుంటుంది. రెండో ఆఫీసు ఇక్కడ మాత్రం ఎవరి ఇష్టానికీ వదల్లేదు. 24 పెట్టి, ఫ్యాన్లు వేసి, రిమోట్ మేనేజర్ దగ్గర ఉంచింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. కొత్త రూమ్ ఏసీలు 24 డిగ్రీల సెట్టింగుతోనే రావాలన్న నిబంధన 2020 జనవరి నుంచే ఉంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మండే బొగ్గుకీ మన రిమోట్‌కీ సంబంధం ఉంది కదా. నాలుగు రోజులు గొణిగాం, తర్వాత ఒంటికి సరిపోయింది. ఇంట్లోనూ ఇప్పుడు 25, పైన ఫ్యాన్.

ప్రింటర్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. చెట్ల బొమ్మల పోస్టర్ కంటే, రెండు వైపులా ప్రింటయ్యేలా ముందే సెట్ చేసి ఉంచడం మేలు.

తడి చెత్త, పొడి చెత్త బుట్టల దగ్గర రూలూ, వీలూ రెండూ ఓడిపోవడం చూశాను. ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పెట్టారు, మేం శ్రద్ధగా వేరు చేశాం. ఒక సాయంత్రం ఆయమ్మ రెండూ ఒకే కవర్లో వంపుతోంది. ‘‘ఏం చేయమంటారమ్మా, కింద డ్రమ్ము ఒకటే ఉంది’’ అంది. మర్నాటి నుంచి అరటి తొక్క ఏ బుట్టలో పడుతోందో ఎవరూ చూడలేదు. మన శ్రమ చివరిదాకా చేరుతోందన్న నమ్మకం పోతే ఏ అలవాటూ మిగలదు. కింద రెండో డ్రమ్ము వచ్చాక, మళ్లీ వేరు చేయడం మొదలుపెట్టడానికి మాకు చాలా వారాలు పట్టింది.

మీ ఆఫీసులో ఇలాంటిది మొదలుపెడుతూ నన్నడిగితే, ఏసీకి రూలు పెట్టండి, మిగతావాటికి వీలు చూపించండి అంటాను. నోటీసులు ప్రింట్ చేయించే ముందు భోజనాల గదికి వెళ్లి సింకు చూడండి. కుళాయి ఒకటే ఉంటే, ముందు రెండోది వేయించండి.