గోడ అద్భుతం, గది ఘోరం: నార్త్ కరోలినాలో ఒక వేసవి ఫెలోషిప్

అమెరికాలో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లకి కొన్ని యూనివర్సిటీ లైబ్రరీలు వేసవిలో డిజిటల్ ఆర్ట్ ఫెలోషిప్‌లు ఇస్తుంటాయి. ఓ పెద్ద వీడియో గోడ, మంచి కంప్యూటర్లు, పాత ఆర్కైవ్ చేతికిచ్చి మీ ఇష్టం, ఏదైనా చేయండి అంటారు. రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ ఊళ్లున్న ట్రయాంగిల్ ప్రాంతంలో అలాంటిది నాకూ, నా స్నేహితురాలికీ వచ్చింది. లైబ్రరీ మీద ఒక్క చెడ్డ మాట అనను. కానీ ప్రకటనలో "వసతి మీరే చూసుకోవాలి" అని చివర్న ఒక చిన్న లైను ఉంటుంది చూడండి, ఈ వేసవంతా మమ్మల్ని ఉడకబెట్టింది ఆ లైనే.

ముందు డబ్బు సంగతి. స్టైపెండ్ 5,000 డాలర్లు అన్నారు, చేతికొచ్చింది 4,300. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీదున్న మాలాంటివాళ్లకి ఇలాంటి ఫెలోషిప్ మీద 14 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. లైబ్రరీని అనుకుని లాభం లేదు, రూలే అంత. తర్వాత ఎంత పట్టుకున్నారో చూపించే 1042-ఎస్ ఫారం పంపుతారు. మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం భారతీయ విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత భాగానికి పన్ను లేకపోవడం) ఉంది కాబట్టి, రిటర్న్ వేస్తే కొంత వెనక్కి రావచ్చు. వచ్చే ఏడాది వచ్చే డబ్బుతో జూన్ అద్దె ఎలా కడతాం? ఇంకో మాట: వేరే యూనివర్సిటీలో ఫెలోషిప్ అయితే ఒప్పుకునే ముందే మీ డీఎస్‌ఓని, అంటే మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని అడగండి. దాన్ని ఉద్యోగంగా లెక్కేస్తారా, సీపీటీ (చదువులో భాగంగా పనిచేయడానికి అనుమతి) కావాలా అన్నది వాళ్లే తేల్చాలి.

ఇక గది. సమ్మర్ లీజుకి ఫర్నిచర్‌తో సహా రెండు బెడ్‌రూముల ఫ్లాట్, మనిషికి నెలకి 780 డాలర్లు. డిపాజిట్ 400. పైన "అడ్మిన్ ఫీజు" అని 75, అది తిరిగి రాదు. ఫొటోల్లో కిటికీ నిండా చెట్లున్నాయి. వెళ్లి చూస్తే ఆ చెట్ల ముందు పక్క బ్లాకు ఏసీ కంప్రెసర్లు వరసగా రొద పెడుతున్నాయి. వాళ్ల ఏసీ పనిచేస్తోందన్నమాట. మాది మాత్రం 72కి పెడితే 86 దగ్గరే కూర్చుంది. ఫారన్‌హీట్ అంకెలు అలవాటు లేనివాళ్లకి చెప్తున్నా, రాత్రి పదకొండింటికి గదిలో 30 డిగ్రీలు. జూన్‌లో అక్కడి ఉక్క మన కోస్తా ఉక్కకి ఏమీ తీసిపోదు. సాయంత్రం ఉరుములతో వాన పడుతుంది, చల్లబడుతుందనుకుంటాం, ఇంకా చెమట్లు పోస్తాయి.

మేనేజ్‌మెంట్ కంపెనీ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టాం. ఎవరూ రాలేదు గానీ మర్నాటికల్లా "పని పూర్తయింది" అని మెయిల్ వచ్చింది. మళ్లీ పెట్టాం, మళ్లీ పూర్తయింది. వాళ్ల ఆఫీసుకి వెళ్తే అక్కడున్నావిడ తలెత్తకుండానే, ఫ్యాన్ కొనుక్కోండి అంది. 24 డాలర్లు పెట్టి బాక్స్ ఫ్యాన్ కొన్నాం, అదీ వేడిగాలే కొట్టింది. నా స్నేహితురాలు మొదట్లో జోకులేసేది. తర్వాత మాటలు తగ్గించేసింది. ఓ రాత్రి చూస్తే బాత్రూమ్ టైల్స్ మీద దిండేసుకుని, ల్యాప్‌టాప్ పొట్టమీద పెట్టుకుని పనిచేసుకుంటోంది. "ఇక్కడే కాస్త చల్లగా ఉందే, నువ్వూ రా" అంది. నాకు నవ్వు రాలేదు.

క్యాంపస్‌లో విద్యార్థులకి ఉచితంగా న్యాయసలహా ఇచ్చే చోటు ఉంటుంది, సిగ్గుపడకుండా వెళ్లండి. నార్త్ కరోలినా చట్టంలో 42-42 అనే సెక్షన్ ఉంది. ఇంటాయన ఏసీ ఇస్తే అది పనిచేసేలా చూసుకోవాలి, చెడితే వెంటనే బాగుచేయించాలి. అలాగని కోపంతో మీ అంతట మీరు అద్దె ఆపేశారో, తప్పు మీదవుతుంది. కోర్టు చెప్పకుండా అద్దె ఆపడానికి అక్కడ చట్టం ఒప్పుకోదు. అద్దె కట్టేసి, సెక్షన్ నంబరు వేసి కాగితం మీద ఉత్తరం ఇచ్చాం. మర్నాడు పొద్దున్నే మనిషి వచ్చాడు. ఏసీలో కెపాసిటర్ అనే చిన్న భాగం పోయిందట, ఇరవై నిమిషాల్లో మార్చి వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల పనికి అన్ని రాత్రులు!

గది అలా ఉన్నప్పుడు లైబ్రరీ గుడిలా అనిపించడంలో వింతేముంది? కాకపోతే వేసవి కదా, సాయంత్రం ఆరింటికే తాళం. అది నిజంగా ఇబ్బంది, ఎందుకంటే గోడ పని ఇంట్లో చేయలేం. మా గోడ 720×540 పిక్సెల్స్ ఉండే చిన్న తెరలు ఎనిమిది అడ్డంగా, మూడు నిలువుగా పేర్చింది. మొత్తం 5,760×1,620. ఇలాంటి కదిలే బొమ్మలు చేసే టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ 1280×1280 దాటనివ్వదు, పూర్తి లైసెన్స్ లైబ్రరీ మెషీన్లలోనే ఉంటుంది. పీ5.జేఎస్ అనే ఉచిత కోడింగ్ లైబ్రరీతో చేసుకునేవాళ్లకి ఆ బాధ లేదు. నేను పెట్టుకున్న పని 1930ల చివర్లో వ్యవసాయ శాఖ విమానాల నుంచి తీయించిన ఫొటోలతో. ఫెడరల్ ప్రభుత్వం తీసినవి కాబట్టి కాపీరైట్ గొడవ లేదు. 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ అనే పరిశోధన సంస్థల కేంద్రం పుట్టకముందు అక్కడంతా పైన్ అడవి, మధ్యలో పొలాల చారలు. ఆ చారలు నెమ్మదిగా రోడ్లుగా, పార్కింగ్ స్థలాలుగా మారేలా చేశాను. విజువలైజేషన్ లైబ్రేరియన్ ఒకాయన మొదటి వారమే నా స్క్రీన్ మీద అక్షరాలు చూసి, ఈ గోడ ముందు ఎవరూ కూర్చోరు, నడిచిపోతారు, చదవాల్సింది ఏదీ పెట్టకు అన్నాడు. స్టైపెండ్ కంటే ఆ మాటే ఎక్కువ విలువ చేసింది.

రాలీ వెళ్తే ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల హంట్ లైబ్రరీ తప్పకుండా చూడండి. 2013లో తెరిచారు, డిజైన్ స్నోహెట్టా అనే ఆర్కిటెక్చర్ సంస్థ వాళ్లది. పుస్తకాలు అల్మరాల్లో కాకుండా బుక్‌బాట్ అనే యంత్రం దగ్గర పెట్టెల్లో ఉంటాయి. అది దాదాపు 20 లక్షల పుస్తకాలు పట్టేలా కట్టారు. అద్దం ఇవతల నిలబడితే క్రేన్ జర్రున వచ్చి ఒక్క పెట్టె లాక్కుపోవడం కనిపిస్తుంది. నా స్నేహితురాలు ఆ వేసవిలో మొదటిసారి చిన్నపిల్లలా నవ్వింది, అక్కణ్నించి కదలనంది. అక్కడి వీడియో గోడలు చూశాక మాది తమ్ముడిలా అనిపించింది. నార్త్ కరోలినా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో శాశ్వత ప్రదర్శన ఉచితం, సోమ, మంగళవారాలు వెళ్లకండి.

రాలీ పక్క ఊరు కేరీలో మా పెదనాన్నగారి అబ్బాయి ఉంటాడు. వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తూ వదిన దారంతా సాధించింది: "ఇంట్లో గది ఖాళీగా ఉంటే పరాయివాళ్లకి డబ్బులు పోస్తారా?" కారు లేకుండా కేరీ నుంచి రోజూ రావడం కుదరదని ఎంత చెప్పినా వినలేదు. పెరుగన్నం, గోంగూర డబ్బాలో పెట్టిచ్చి మరీ తిట్టింది.

ఫెలోషిప్ వస్తే వెళ్లండి, కానీ వసతి ఎక్కడో, స్టైపెండ్ ఏ తేదీన ఇస్తారో, వేసవిలో లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే సరే అనండి. గదిలో దిగిన రోజే ప్రతి మూలా వీడియో తీసుకోండి. డిపాజిట్ 30 రోజుల్లో వెనక్కివ్వాలి, లేదా దేనికెంత కోశారో లెక్క చూపించాలి. మాకు 400లో 340 చొప్పున వచ్చింది. మిగతా 60 కార్పెట్ శుభ్రం చేసినందుకట. ఫ్లాట్ మొత్తమ్మీద కార్పెట్టే లేదు! వీడియో పంపాం, పోర్టల్‌లో అప్పుడే "పని పూర్తయింది" అని చూపిస్తోంది.