తిరుపతి బైరాగిపట్టెడ బ్రిడ్జి క్లాసు: మూడు నెలలు పోయి వచ్చాక రాస్తున్నా

బ్రిడ్జి అంటే ఇద్దరిద్దరు జోడీలుగా నలుగురు ఆడే పేకాట. అది నేర్చుకోవడానికి పోతున్నానంటే మా అక్క ముఖం ముడిచింది. ఇది డబ్బు పెట్టి ఆడేది కాదని నచ్చజెప్పడానికి వారం పట్టింది. మేడ మీద గది, నాలుగు బల్లలు, శని ఆదివారాల్లో సాయంత్రం నాలుగింటికి. నెలకు వెయ్యి రూపాయలు.

నేర్పే సారు రైల్వేలో రిటైరయ్యారు. రేణిగుంటలో ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటివాళ్ల దగ్గర ఆట పట్టుకుని, ఒకే జోడీతో ఇరవై రెండేళ్లు పోటీలకు తిరిగారు. అలమరాలో కప్పులున్నాయి, అడిగితే తప్ప వాటి మాటెత్తరు. అడక్కుండానే చూపించేది ఒక పాత లాంగ్ నోటుబుక్కు. ఏ ముక్కలొస్తే ఏం పాడాలో, అంటే ఏ రంగులో ఎన్ని పట్లు తెస్తామని వేలంలో చెప్పాలో, ఇద్దరూ రాసుకున్న ఒప్పందాలు అందులో ఉన్నాయి. నీలం సిరా సారుది, ఆకుపచ్చ సిరా ఆయన జోడీది. ఆయన పోయాక సారు పోటీలు మానేసి పాఠాలు మొదలుపెట్టారు.

మొదటి నెలంతా చేతిలో ముక్కల బలం పాయింట్లలో లెక్కేయడమే. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తానికి 40. రమ్మీకి అలవాటుపడ్డ నాకు విసుగొచ్చింది.

ఆరో వారం నాలుగు ఇస్పేట్లు పాడాను. అంటే ఇస్పేటు తురుపుగా (మిగతా రంగులను కొట్టే రంగుగా) 13 పట్లలో 10 తేవాలి. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు. నా చేతిలో ఐదు ఇస్పేట్లు, డమ్మీలో (బల్ల మీద పరిచిన నా జోడీ ముక్కల్లో) మూడు, ఆసు రాజు రాణీ మావే. ఎదుటివాళ్ల తురుపులు అయిపోవాలని మూడుసార్లు తురుపు వేసి లాగి, నాలుగోసారీ లాగేశాను. ఎదుటివాళ్లు వేసిన కళావరును మిగిలిన ఒక్క తురుపుతో కొట్టాను. మళ్లీ కళావరొస్తే కొట్టడానికి ఏమీ లేదు. తొమ్మిది దగ్గర ఆగిపోయాను. సారు మధ్యలో ఒక్క మాట అనలేదు. అయ్యాక ముక్కలన్నీ మళ్లీ పరిచారు.

"బయట ఎన్ని ఇస్పేట్లున్నాయమ్మా?"

"ఐదు సార్."

"ఒకరికి మూడు, ఒకరికి రెండు. మూడో పట్టుకే అయిపోయినాయి. నాలుగోది ఎవరి కోసం లాగినావు?"

ఐదు ముక్కలు అట్లా మూడు-రెండుగా పడేది నూటికి 68 సార్లని అప్పుడు చెప్పారు. ఇక ఈ జన్మకు మర్చిపోను.

మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు చూసుకోండి. ఇచ్చే జిరాక్సులన్నీ ఇంగ్లీషే. తెలుగులో కూడా ఇవ్వాలి సార్.

నాకు 59. ఈ వయసులో ఎందుకనే వాళ్లకు ఒక మాట. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిని తొలిసారి చేర్చినప్పుడు పురుషుల జోడీల్లో మనకు బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56. ఇది విన్నాక మా అక్క కూడా వచ్చే నెల నుంచి చేరతానంది. మా ఇద్దరికీ ఒక లాంగ్ నోటుబుక్కు కొనిపెట్టాను.