చెన్నై ఉక్కపోత, ఎంఎస్, రెండు కూలింగ్ వెస్టులు

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) ఉండి, వేడి తగలగానే కాళ్లు మొరాయించేవాళ్లు చెన్నైలో ఉంటే, నీళ్లలో తడిపి వేసుకునే కూలింగ్ వెస్ట్ (ఒళ్లు చల్లబరిచే చేతుల్లేని కోటు) మీద డబ్బు పెట్టొద్దు. గడ్డకట్టించిన ప్యాకులు జేబుల్లో పెట్టుకునే రకం తీసుకోండి. ఖరీదు ఎక్కువే, బరువూ ఎక్కువే, అయినా ఇక్కడ పనిచేసేది అదే. కంపెనీల పేర్లు రాయడం లేదు. రకం తెలిస్తే ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు.

మాది సూళ్లూరుపేట. పెళ్లయ్యాక వెస్ట్ మాంబళం వచ్చేశాను. ఇంట్లోనే తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలు చెప్తాను. నా ఎంఎస్ కుడి కంటి నరం వాపుతో బయటపడింది. మందు మానకుండా వాడుతున్నాను, ఈమధ్య ఎంఆర్ఐలో కొత్త మచ్చలేవీ లేవు. జబ్బు అదుపులోనే ఉందని డాక్టరుగారు అంటారు. అయినా ఏప్రిల్ వచ్చిందంటే నా ఒళ్లు నా మాట వినదు.

పొద్దున దోసెలు పోస్తుంటే, ఇంట్లో అందరికీ అయ్యేలోపే కుడి కన్ను మసకేస్తుంది. స్టవ్ పక్క గోడకున్న క్యాలెండర్లో తిథీ నక్షత్రమూ గళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, ఆదివారాల ఎర్ర అంకెలు వెలిసిపోయినట్టు కనపడతాయి. అలాగే మొండిగా నిలబడితే ఎడమ పాదం ముందుభాగం లేవడం మానేస్తుంది, చెప్పు నేలకి రాసుకుంటూ వస్తుంది. వచ్చి ఏసీ కింద కూర్చుంటే కాసేపట్లో అన్నీ సర్దుకుంటాయి.

దీన్ని మొదట గమనించి 1890లో రాసినవాడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు. ఆయన పేషెంట్లకి ఒళ్లు అలిసేలా నడిస్తే చూపు మందగించేది. అసలు కారణం వేడి అని తర్వాత తేలింది. నరాల మీద మైలిన్ అనే పొర కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగులా ఉంటుంది. ఎంఎస్‌లో అది అక్కడక్కడా ఊడిపోతుంది. ఊడినచోట సంకేతం ఎలాగో ఈడ్చుకుంటూ దాటుతుంది కానీ, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, అక్కడే ఆగిపోగలదు. చల్లబడితే మళ్లీ దాటుతుంది. ఎంఆర్ఐ లేని రోజుల్లో, అనుమానం ఉన్నవాళ్లని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పైకి వస్తాయేమో చూసేవాళ్లట. చెన్నైలో మనకి ఆ పరీక్ష మే నెలంతా ఊరికే జరుగుతూ ఉంటుంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది కొత్త అటాక్, అంటే జబ్బు తిరగబెట్టడం, కాదు. అటాక్ అయితే లక్షణం కనీసం 24 గంటలు విడవకుండా ఉంటుంది, దానికి జ్వరమో ఇన్‌ఫెక్షనో కారణం అయి ఉండదు. వేడివల్ల వచ్చింది చల్లబడితే పోతుంది. ఈ తేడా తెలియక ఎండాకాలంలో హడలిపోయి స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కోసం పరుగెత్తేవాళ్లున్నారు. చల్లబడ్డాక కూడా తగ్గకపోతే మాత్రం అదే రోజు న్యూరాలజిస్టుకి ఫోన్ చేయాల్సిందే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇలాగే అవుతుంది, ఒకసారి ఆ టెస్టు చేయించుకోవడం మంచిది.

ఇక వెస్టుల సంగతి. మొదటిది హైదరాబాద్ నుంచి మా తమ్ముడు పంపాడు. "అక్కా, మా ఆఫీసులో ఒకాయన బండి మీద ఇదే వేసుకుని తిరుగుతాడు, ఎండే తెలియదంటాడు" అన్నాడు. పల్చటి నీలం రంగు, లోపల నీళ్లు పీల్చుకునే మెత్త. పది నిమిషాలు బకెట్లో నానబెట్టి, పిండి, వేసుకోవడమే. రెండు వేల చిల్లర. తేలిగ్గా ఉంటుంది, ఫ్రిజ్‌తో పనిలేదు, చూడ్డానికీ బాగుంటుంది.

వాడు చెప్పింది అబద్ధం కాదు. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్ గాలిలో తేమ ఉండదు. వెస్ట్‌లో నీరు గబగబా ఆవిరవుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. చెన్నైలో ఒంటికి పట్టిన చెమటే ఆరదు, ఇక వెస్ట్‌లో నీరు ఎక్కడికి పోతుంది? మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగితే ఎండ కాస్త తగ్గినట్టుంటుంది గానీ, ఆ గాలి తేమనే మోసుకొస్తుంది. దాన్ని వేసుకుని పానగల్ పార్కులో ఒక చుట్టు తిరిగేసరికి లోపలి నీళ్లు ఒంటి వేడికే గోరువెచ్చగా అయిపోయాయి. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుంది, మెడ దగ్గర దురద. పాదం ఎప్పటిలాగే ఈడ్చింది. ఇంట్లో ఫ్యాన్ ఎదురుగా కూర్చుంటే కొంత చల్లగా ఉన్న మాట నిజం, కానీ ఫ్యాన్ ఎదురుగా కూర్చునేదానికి వెస్ట్ ఎందుకు? అనంతపురంలోనో కర్నూలులోనో ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. మనకి కాదు.

రెండోది ప్యాకుల వెస్ట్. ముందు రెండు జేబులు, వెనక రెండు. ఒక్కో ప్యాకులో మైనం లాంటి పదార్థం ఉంటుంది. దాదాపు 15 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అదే వేడి దగ్గర కరుగుతుంది. కరుగుతున్నంతసేపూ మన ఒంటి వేడిని తాగుతుంది, తను మాత్రం ఆ 15 దగ్గరే నిలబడుతుంది. అందుకే మంచుగడ్డలా ఒళ్లు కొరకదు. కరిగినప్పుడు నీళ్లలా పారదర్శకంగా ఉండి, గడ్డకట్టగానే తెల్లబడుతుంది. తయారైందో లేదో కళ్లతోనే తెలిసిపోతుంది. ఫ్రీజర్‌ కూడా అక్కర్లేదు, కింద అరలో రాత్రి పెడితే తెల్లారేసరికి తెల్లగా ఉంటుంది. తొందరగా కావాలంటే బకెట్లో నీళ్లు, ఐసు ముక్కలు వేసి అందులో ముంచితే అరగంట. కరెంటు పోయిన రోజు వీధి చివర కొట్లో ఐసు తెచ్చుకుని అలాగే చేశాను. తొమ్మిది వేల పైచిలుకు అయింది.

మూడు గంటలు ఆగుతుందని పెట్టె మీద రాశారు. ఏసీ గదిలో ఆగుతుందేమో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో బయట నాకు గంటన్నర దాటలేదు. ఆ గంటన్నర మాత్రం నాది. వంటింట్లో వేసుకుని నిలబడితే క్యాలెండర్లో గళ్లు విడివిడిగానే ఉన్నాయి. అందరికీ దోసెలు పోసి, నేనూ వేడిగా తిన్నాను. వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ వారి గుడికి వెళ్లి క్యూలో నిలబడి దర్శనం చేసుకుని వచ్చాను, వేసవిలో ఆ పని ఆపేసి చాలాకాలమైంది. చీర మీద శాలువా కప్పుకుంటే వెస్ట్ పెద్దగా కనపడదు. వెనక నిలబడ్డ మామి "అదేమిటమ్మా" అని అడిగితే ఒంటికి వేడి పడదని చెప్పాను. తన నీళ్ల సీసా తీసి ఇచ్చింది.

ఒక కిటుకు చెప్తాను. ఒళ్లు వేడెక్కాక వేసుకోవడం కన్నా, బయల్దేరడానికి ముందు అరగంట ఇంట్లోనే వేసుకుని ఒళ్లు చల్లబరుచుకుంటే ఫలితం ఎక్కువ. నేను ఫిజియోథెరపీకి వెళ్లేముందు అదే చేస్తున్నాను. ఇదివరకు మెట్లెక్కే వ్యాయామం సగంలో ఆపేసేదాన్ని, ఇప్పుడు పూర్తిచేస్తున్నాను. ఎంఎస్ అలసటకి వ్యాయామం బాగా పనిచేస్తుందని తెలిసీ, వేడికి భయపడి మానేసేవాళ్లు మనలో ఎంతమందో. నాకు ఈ వెస్ట్ చేసిన పెద్ద మేలు ఇదే.

అతిగా చెప్పకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి. చల్లబరిచే దుస్తుల మీద నాసా వాళ్లతో కలిసి 84 మంది ఎంఎస్ పేషెంట్లతో చేసిన పరీక్ష 2003లో వచ్చింది. నడకలో, చూపులో మెరుగు కనిపించింది, కానీ చిన్న మెరుగే. జబ్బు ముదరకుండా ఇది ఆపదు. అసలు మందు స్థానంలోకి ఇది రాదు.

లోపలికి తీసుకునే చల్లదనం కూడా లెక్కలోకి వస్తుంది. వేడి పడని ఎంఎస్ పేషెంట్లతో సైకిలు తొక్కించి, మధ్యమధ్య చల్లటి నీళ్లు తాగిస్తే, గోరువెచ్చని నీళ్లు తాగినప్పటికన్నా ఎక్కువసేపు తొక్కగలిగారని సిడ్నీ పరిశోధకులు 2018లో రాశారు. నేను ఫ్లాస్కులో పల్చటి మజ్జిగ, ఉప్పు, అల్లం, కరివేపాకు, నిండా ఐసు వేసుకుని వెళ్తాను. "ఐసు వేస్తే గొంతు పట్టేస్తుంది" అని మా అత్తమ్మ మొదట్లో గొడవ చేసింది, ఇప్పుడు తనే కలిపి ఇస్తుంది. బాత్రూం తొందరకి భయపడి బయటకెళ్లేటప్పుడు నీళ్లు మానేసేవాళ్లకి నా మాట: ఎండలో అది ఇంకా చెరుపు. మూత్రం సమస్యకి మందులున్నాయి, డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పండి.

తొమ్మిది వేలా అని మా ఆయన మొదట వెనకాడితే, బీరువాలో ఉన్న సీసాలు బయటపెట్టి చూపించాను. చుట్టాలు తెచ్చినవి, పక్కింటివాళ్లు చెప్పినవి. బయోటిన్ అనే విటమిన్ పెద్ద డోసు వాటిలో ఒకటి. ముదిరిన ఎంఎస్‌కి అది పనిచేస్తుందని ఒకప్పుడు ఆశపడ్డారు, 2020లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో పనిచేయలేదు. పైగా థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల్లో అంకెలు తప్పుగా చూపిస్తుంది. ఇంకొకటి తిప్పతీగ. ఇమ్యూనిటీ పెరుగుతుందని ఇస్తారు. మన జబ్బే ఇమ్యూనిటీ మన మీదకి తిరగబడటం, దాన్ని ఇంకా రెచ్చగొట్టడం ఎందుకు? కరోనా రోజుల్లో తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి ముంబై డాక్టర్లు రాశారు. ఎంఎస్ మందుల్లో కొన్నిటికి కాలేయాన్ని ఎలాగూ కనిపెట్టుకుని ఉండాలి. ఈ రెండూ చెత్తబుట్టలోకి వెళ్లాయి.

విటమిన్ డి మాత్రం ఉంచాను. "పొద్దున్నే ఎండలో నిలబడు" అని అందరూ చెప్తారు. చర్మంలో విటమిన్ తయారుచేసే కిరణాలు లేత ఎండలో చాలా తక్కువ, మిట్టమధ్యాహ్నమే ఎక్కువ. మనం బయటకి పోలేనిది సరిగ్గా ఆ వేళే. కాబట్టి మాత్ర తప్పదు. ఫ్రాన్స్‌లో జబ్బు అప్పుడే మొదలైన 316 మందికి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చి చూస్తే, రెండేళ్లలో జబ్బు చురుకుదనం (కొత్త అటాకో, ఎంఆర్ఐలో కొత్త మచ్చో) మాత్ర వేసుకున్నవాళ్లలో 60 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 74 శాతం మందిలో కనిపించిందని 2025లో ప్రచురించారు. అంతకుముందు వేరే మందుతో కలిపి ఇచ్చిన ట్రయల్‌లో తేడా లేదు. అందుకే రక్తపరీక్ష చూసి డాక్టరు రాసినంతే వేసుకుంటాను. 60,000 యూనిట్ల సాచెట్లు వారం వారం నెలల తరబడి సొంతంగా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోయే ప్రమాదం ఉంది.

తిండి విషయంలో నాకు పెద్ద పట్టుదలల్లేవు. కొవ్వు బాగా తగ్గించమనే స్వాంక్ పద్ధతినీ, ఆకుకూరలూ మాంసమూ తిని ధాన్యాలు మానమనే వాల్స్ పద్ధతినీ పక్కపక్కన పెట్టి చేసిన పరీక్ష 2021లో వచ్చింది. రెంటిలోనూ అలసట తగ్గింది, కానీ ఎప్పటి తిండే తినే గుంపు పోలికకి లేదు. పప్పు, ఆకుకూర, వారానికి రెండుసార్లు చేప, తక్కువ నూనె. నెల్లూరు వైపు మనిషికి చేప తినమని ఎవరూ చెప్పక్కర్లేదు. బండ మీద నిలబడి గంటలకొద్దీ వండే వంటలు మాత్రం తగ్గించాను.

వెస్ట్‌లో లోపాలూ ఉన్నాయి. దాదాపు రెండు కిలోల బరువు. కాళ్లలో బలం తక్కువైనవాళ్లకి అది చిన్న విషయం కాదు. నీరసంగా ఉన్న రోజు వెనక ప్యాకులు తీసేసి ముందువే పెట్టుకుంటాను. కొలతలు మగవాళ్ల ఒంటికి చేసినట్టున్నాయి, భుజాలు జారుతుంటే మా వీధి టైలర్ చేత కుచ్చు పట్టించాను. ఒక ప్యాకు అంచు దగ్గర కారి కుర్తాకి జిడ్డు మరక పడింది. మార్చి ఇమ్మని ఫొటోలు పెడితే అమ్మినవాళ్లు వారాలకొద్దీ తిప్పించుకున్నారు. చివరికి ఇచ్చారు, కానీ మే నెల గడిచిపోయాక. అప్పటిదాకా మూడు ప్యాకులతోనే నెట్టుకొచ్చాను.

చల్లదనానికి కండరాలు బిగుసుకుపోయేవాళ్లు ఎంఎస్‌లో కొందరుంటారు, వాళ్లకి ఇది పనికిరాకపోవచ్చు. ఛాతీ మీదో వీపు మీదో స్పర్శ తెలియనివాళ్లు లోపల నూలు బనియను వేసుకుని, మధ్యలో చర్మం చూసుకోవాలి. ఫ్రీజర్లో పెట్టే మామూలు జెల్ ప్యాకుల వెస్టులూ అమ్ముతున్నారు, చవక. అవి సున్నా దగ్గర ఉంటాయి, నేరుగా తగిలితే చర్మం కమిలిపోతుంది. అమ్మేవాళ్లని "ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది" అని అడగండి. సూటిగా అంకె చెప్పలేకపోతే అక్కడ కొనకండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి చెన్నైలో శాఖ ఉంది. వాళ్ల ద్వారా ఇప్పటికే వాడుతున్నవాళ్లెవరైనా పరిచయమైతే, ఒకసారి తొడిగి బరువు చూసుకున్నాకే డబ్బు కట్టండి. కొనేటప్పుడే రెండో సెట్టు ప్యాకులు కూడా తీసుకోండి. ఒకటి ఒంటి మీద ఉంటే ఇంకొకటి ఫ్రిజ్‌లో గడ్డకడుతూ ఉంటుంది, సాయంత్రం ట్యూషన్ వేళకి చేతికొస్తుంది.