సంఖ్య లేని పుస్తకానికి చోటు లేని అంగడి

రెండేళ్లుగా నా దగ్గరున్న పాత పుస్తకాలను ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో అమ్ముతున్నాను. కొనేవారికి ఆ అంగడి ఎంతో సౌకర్యంగా ఉండవచ్చు గానీ, ప్రతి పుస్తకాన్నీ పుట పుటా తిరగేసి, లోపాలు రాసుకుని అమ్మకానికి పెట్టేవారి అనుభవం వేరుగా ఉంటుంది కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

చిక్కు పుస్తకాన్ని నమోదు చేసేటప్పుడే మొదలవుతుంది. పుస్తకాన్ని గుర్తించడానికి దాని మీద వేసే ఐఎస్‌బీఎన్ సంఖ్య ఇస్తే పేరు, రచయిత, ముఖచిత్రం వాటంతటవే వచ్చి చేరతాయి. అయితే ఆ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది 1970లో కాబట్టి, అంతకు చాలా ముందు అచ్చయిన పుస్తకాలకు అది ఉండదు. ఆ తరువాత కూడా రచయితలు సొంత ఖర్చుతో వేసుకున్న ఎన్నో పుస్తకాలకు ఉండదు. పాత పుస్తకాలను వెతుక్కునే పాఠకులు కోరేది తరచుగా వీటినే. వీటిని అమ్మాలంటే కొత్త పేజీ కోసం విన్నపం పంపాలి. నేను పంపిన పదకొండు విన్నపాలలో నాలుగింటికే అనుమతి వచ్చింది, మిగిలినవాటికి సరైన సంఖ్య ఇవ్వమన్న ఒకే జవాబు వచ్చింది. 2007కు ముందు వచ్చిన పుస్తకాల మీద ఉండే పది అంకెల సంఖ్యను కూడా ఈ అంగడి తీసుకోదు. ముందు 978 చేర్చి, చివరి అంకెను కొత్తగా లెక్కకట్టి, పదమూడు అంకెలుగా మార్చే పని యంత్రానికి క్షణంలో అయ్యేదే అయినా, దాన్ని అమ్మకందారు మీదే వేశారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది పుస్తకం స్థితిని తెలిపే పద్ధతి. "కొత్తదానిలా ఉంది", "చాలా బాగుంది", "బాగుంది", "ఫరవాలేదు" అన్న నాలుగు మాటల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. కుట్టు గట్టిగా ఉండి అట్ట మాత్రం వెలిసిపోయిన ప్రతినీ, అట్ట మెరుస్తున్నా జిగురు ఎండి పుటలు ఊడివస్తున్న ప్రతినీ ఒకే మాటతో ఎలా చెప్పగలం? రెండు సంపుటాల నిఘంటువు ఒకటి పెట్టినప్పుడు, పుటల అంచున గోధుమరంగు మచ్చలు ఉన్నాయనీ, మొదటి పుటలో పాత యజమాని సంతకం ఉందనీ వివరంగా రాశాను. ఆ వివరణ ఫోన్‌లో మరో మీట నొక్కితే తప్ప కనిపించదు. పైన కనిపించేది కేటలాగ్‌లోని కొత్త ప్రతి బొమ్మ. కొన్న వ్యక్తి "చెప్పినట్టు లేదు" అని తిప్పి పంపారు. ఆయన చూసిన బొమ్మను బట్టి ఆ మాట న్యాయమే, నేను రాసిన మాటలను బట్టి నా వాదనా న్యాయమే. తిరుగు రవాణా ఖర్చు మాత్రం నా మీద పడింది, మొదటి సంపుటం అట్ట మూల నలిగి ఇంటికి చేరింది.

రవాణా లెక్క కూడా ముందుగా అర్థం చేసుకోవలసినదే. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదాన్ని కిలోలుగా తీసుకుని, అసలు బరువుతో పోల్చి, ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తారు. అంటే 30, 25, 10 సెంటీమీటర్ల పెట్టెలో తొమ్మిది వందల గ్రాముల పుస్తకం పెట్టినా ఒకటిన్నర కిలోల ఖర్చు అవుతుంది. మూలలు నలగకుండా చుట్టూ అట్టముక్కలు, కాగితం దట్టంగా పెట్టేవారికి ఆ జాగ్రత్తే భారమవుతుంది. కొనేవారు చెల్లించే రవాణా సొమ్ము మీద కూడా అంగడి కమీషన్ తీసుకుంటుంది.

ఇతర అమ్మకందారుల ధరలను కంప్యూటర్ యంత్రాలే వాటంతటవి దించుతుంటే, ఒక్క ప్రతి ఉన్నవారు వాటితో పోటీ పడలేరు. నేను ఆ ప్రయత్నం మానుకున్నాను.

సొమ్ము మాత్రం చెప్పిన రోజుకే చేతికి అందుతుంది. ఏడాదికి పైగా ఎవరూ అడగని నేతపని పుస్తకం ఒకటి, దానికోసమే వెతుకుతున్న పాఠకురాలికి చేరింది. అందిందని ఆమె రాసిన రెండు వాక్యాలు దాచుకున్నాను. అంత దూరాన ఉన్న మనిషి నాకు మరో దారిలో దొరికేవారు కారు.

ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. పదమూడు అంకెల సంఖ్య ఉన్న పాఠ్యపుస్తకాలను అక్కడే ఉంచాను, పాత ముద్రణలన్నిటినీ తీసేశాను. నేను తీసిన ఫోటోను మొదటి బొమ్మగా చూపే వీలు కల్పించిన రోజున వాటిని మళ్లీ పెడతాను.