లేజరా, ఎక్స్‌రేనా, నీళ్ల గిన్నెనా: పరగ్రహ మట్టికి ఏది మేలు?

వరంగల్ రైతుకిచ్చే భూసార పరీక్ష కార్డులో ఉండేది మట్టిలోని మొత్తం జింకు కాదు, పైరుకు అందే జింకు. అంగారకుడికైనా చంద్రుడికైనా పరికరం ఎంచేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: మూలకం ఎంతుందో తెలిస్తే చాలా, ఏ రూపంలో ఉందో కూడా కావాలా?

మూలకాలే చాలంటే పోటీ ఎక్స్‌రే, లేజర్ రెండింటి మధ్యే. చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ 26 కిలోల బండే అయినా రెండింటినీ మోసింది. ఏపీఎక్స్‌ఎస్ అనే ఎక్స్‌రే పరికరంలో క్యూరియం-244 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు, ఎక్స్‌రేలు మట్టిని తాకుతాయి. ఒక్కో మూలకం తన గుర్తుగా ఎక్స్‌రే విడుస్తుంది. శాతాలు నమ్మదగ్గవే. కానీ తలను మట్టికి బాగా దగ్గరగా దించాలి, మంచి లెక్కకు గంటలు పడుతుంది. పైపొరనే చూస్తుంది కాబట్టి రాయి మీద దుమ్ముంటే దుమ్ము లెక్కే వస్తుంది.

లిబ్స్ అనే లేజర్ పద్ధతిలో దెబ్బ తగిలిన చోటు మెరిసే వేడి ఆవిరి (ప్లాస్మా) అవుతుంది, ఆ వెలుగును బట్టి మూలకాలు తెలుస్తాయి. పని నిమిషాల్లో ముగుస్తుంది. అంగారకుడి మీది నాసా బండి క్యూరియాసిటీలోని లిబ్స్ పరికరం కెమ్‌క్యామ్ 7 మీటర్ల దూరం దాకా కొడుతుంది, మొదటి దెబ్బలకే దుమ్ము ఎగిరిపోతుంది. ఏపీఎక్స్‌ఎస్‌కు కనబడని హైడ్రోజన్, లిథియం దీనికి కనబడతాయి. చిక్కల్లా, లేజర్ పడే మచ్చ అర మిల్లీమీటరే. ఏ గింజ మీద పడితే ఆ గింజ లెక్కే, అందుకే వరుసగా చాలా చోట్ల కొట్టాలి.

గాలి సంగతి చాలామంది మరిచిపోతారు. అంగారకుడి పలుచని గాలిలో లేజర్ మెరుపు బాగా వస్తుంది. చంద్రుడి శూన్యంలో మాత్రం ప్లాస్మా వెంటనే చెదిరి వెలుగు తగ్గుతుంది. ప్రజ్ఞాన్ 20 సెంటీమీటర్ల నుంచే కొట్టింది. ఎక్స్‌రేకు ఇది తలకిందులు: శూన్యమే అనుకూలం. మన ల్యాబులో మామూలు గాలిలో పరీక్షిస్తే సోడియం, మెగ్నీషియం ఎక్స్‌రేలను దారిలో గాలే మింగేస్తుంది. అక్కడ పరికరాన్ని తప్పుపట్టొద్దు, వాక్యూమ్ చాంబర్ వాడాలి.

నీళ్లలో కరిగే రూపం తెలియాలంటే నీళ్లే గతి. 2008లో అంగారకుడి మీద దిగిన నాసా ల్యాండర్ ఫీనిక్స్ 25 మిల్లీలీటర్ల నీళ్లలో ఘన సెంటీమీటరు మట్టి కలిపింది. నైట్రేట్ కోసం పెట్టిన ఎలక్ట్రోడు పెర్క్లోరేట్‌ను (క్లోరిన్, ఆక్సిజన్ కలిసిన రూపం) పట్టేసింది. ఏపీఎక్స్‌ఎస్ అయితే క్లోరిన్ అని మాత్రమే చెప్పేది. కాకపోతే ఒక్కో గిన్నె ఒక్కసారికే, ఫీనిక్స్‌కు ఉన్నవి నాలుగే.

మా లెక్కలో అంగారకుడి మీద తిరిగే బండికి లేజర్, చంద్రుడి మీద ఏపీఎక్స్‌ఎస్, మొక్క పెంచే ఆలోచనుంటే నీళ్ల గిన్నె. గిన్నె ఎంచుకుంటే మట్టి పోసే గరాటును ముందే సతాయించి చూడాలి. ఫీనిక్స్‌లోనే, పక్కనున్న ఓవెన్ జల్లెడ మీద మట్టి ముద్దకట్టి మొదట్లో లోపలికి దిగలేదు. ఎర్ర చల్క పొడిగా జారిపోతుంది, దానితో పాసైతే మోసపోవద్దు. పత్తి చేల నల్లరేగడిని కొద్దిగా తడిపి పోసి చూడండి.